నరాల్లో తూములు: అయాన్ చానెళ్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. సిలబస్‌లో అయాన్ చానెళ్లకి ఇచ్చింది రెండు మూడు పేజీలే. ఆ పేజీలు చెప్పిన రోజు మాత్రం గంట కొట్టినా పిల్లలు లేవరు. ఒకడికి వాళ్ల నాన్న రొయ్యల గుంట గుర్తుకొస్తుంది, ఒకమ్మాయికి తేలు కుట్టిన తమ్ముడు, ఇంకొకరికి డయాలసిస్‌కి వెళ్లే తాతయ్య. క్లాసులోనూ ఊళ్లోనూ నన్ను అడిగిన ప్రశ్నలు ఒకచోట రాసి పెడదామని ఇది మొదలుపెట్టాను. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. కానీ మొదటి నాలుగూ చదివితే మిగతావి తేలికగా ఎక్కుతాయి.

అసలు అయాన్ చానెల్ అంటే ఏమిటి?

చెరువు కింద సేద్యం చేసే ఊళ్లో పుట్టినవాళ్లకు ఇది చెప్పడం సులువు. అయాన్ చానెల్ అంటే తూము. చెరువు కట్టలో తూము ఉన్నట్టే, ప్రతి జీవకణం చుట్టూ ఉండే పల్చటి కొవ్వు పొరలో ప్రోటీన్‌తో కట్టిన సన్నటి దారులు ఉంటాయి. ఉప్పు నీళ్లలో కరిగితే సోడియం, క్లోరైడ్ విడివిడిగా విద్యుదావేశం ఉన్న రేణువులవుతాయి. వీటినే అయాన్లు అంటాం. పొటాషియం, కాల్షియం కూడా మన ఒంట్లో ఇలాగే ఉంటాయి. ఇవి కొవ్వు పొరను వాటంతట అవి దాటలేవు. కట్టకు అటుపక్క ఎన్ని నీళ్లున్నా తూము ఎత్తితేనే కాలవలోకి వచ్చినట్టు, చానెల్ తెరుచుకుంటేనే అయాన్లు లోపలికో బయటికో పోతాయి.

చెరువు తూము ఎత్తడానికి నీరుకట్టు మనిషి కావాలి. ఇక్కడ మనిషి లేడు. కొన్ని చానెళ్లు పొరకు రెండు పక్కలా ఉన్న వోల్టేజీ మారితే తెరుచుకుంటాయి. కొన్ని ఒక రసాయనం వచ్చి అంటుకుంటే, కొన్ని వేడి తగిలితే, కొన్ని పొర సాగితే తెరుచుకుంటాయి. ఇంకో పెద్ద తేడా ఉంది. చెరువు తూము ఏ నీళ్లనైనా వదులుతుంది. ఈ తూము ఎంచుకుని వదులుతుంది. సోడియం తూములో పొటాషియం దాదాపు పోదు, పొటాషియం తూములో సోడియం పోదు.

నరాల్లో కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది మేడమ్? ఒంట్లో బ్యాటరీ లేదు కదా?

ఉంది. సోమశిల డ్యామ్‌లో 78 టీఎంసీల నీళ్లు నిలబెట్టినప్పుడు వాటికి పల్లానికి దూకే శక్తి వస్తుంది. కణం కూడా అయాన్లను అలాగే నిలబెట్టి ఉంచుతుంది. నాడీకణం బయట లీటరుకు సుమారు 145 మిల్లీమోల్ (రేణువుల లెక్కకు వాడే కొలత) సోడియం ఉంటే, లోపల 12 దాకా ఉంటుంది. పొటాషియం దీనికి సరిగ్గా తలకిందులు: లోపల 140, బయట నాలుగైదు. ఈ తేడాను నిలబెట్టేది ఒక పంపు. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో దీన్ని పీత కాళ్ల నరాల్లో కనిపెట్టారు. 1997లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన శరీర బరువులో మెదడు రెండు శాతమే, అయినా విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంటికి అయ్యే ఖర్చులో దాదాపు ఐదో వంతు అదే లాగేసుకుంటుంది. అందులో పెద్ద భాగం ఈ పంపుల కూలీయే.

ఊరికే ఉన్న నాడీకణంలో కొన్ని పొటాషియం తూములు తెరిచే ఉంటాయి. లోపల ఎక్కువగా ఉన్న పొటాషియం కొంచెం బయటికి జారుతుంది. దాంతో లోపలి పక్క రుణావేశం మిగిలి, సుమారు మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర నిలుస్తుంది. 70 మిల్లీవోల్టులంటే టార్చిలైటు సెల్‌లో ఇరవయ్యో వంతు, చాలా తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ పొర మందం ఐదు నానోమీటర్లే. అదే వోల్టేజీని ఒక సెంటీమీటరు మందానికి లెక్క వేస్తే లక్షా నలభై వేల వోల్టులవుతుంది. ఈ లెక్క బోర్డు మీద చేయించినప్పుడల్లా క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది.

మరి సంకేతం కాలి వేలి నుంచి మెదడు దాకా ఎలా పోతుంది?

కాలికి రాయి తగిలిందనుకోండి. అక్కడి నరం కొసలో వోల్టేజీ కొంచెం పెరుగుతుంది. సోడియం చానెల్‌లో ధనావేశం ఉన్న అమైనో ఆమ్లాలు (ప్రోటీన్‌ను కట్టే ఇటుకలు) వరసగా పేర్చిన నాలుగు కమ్మీలు ఉంటాయి. వోల్టేజీ మారగానే అవి పైకి జరిగి తలుపు లాగుతాయి. బయటి సోడియం లోపలికి దూకుతుంది, లోపలి వోల్టేజీ మైనస్ నుంచి ప్లస్‌లోకి వెళుతుంది. ఆ పెరుగుదల పక్కనున్న చానెళ్లకు తగిలి అవీ తెరుచుకుంటాయి, వాటి పక్కవి, మళ్లీ వాటి పక్కవి. మంట గడ్డివాము మీద పాకినట్టు సంకేతం పాకుతుంది.

గడ్డివాము ఒకసారి కాలితే బూడిదే. నరం అలా కాదు. తెరుచుకున్న ఒక మిల్లీసెకను లోపే సోడియం చానెల్ లోపలి పక్క నుంచి ఒక చిన్న మూత వచ్చి దారి మూసేస్తుంది. ఈలోగా కాస్త నింపాదిగా తెరుచుకునే పొటాషియం చానెళ్లు పొటాషియాన్ని బయటికి వదిలి వోల్టేజీని మళ్లీ మైనస్‌కి దించుతాయి. మూత పడిన చానెల్ కాసేపటి దాకా తెరుచుకోదు. సంకేతం వెనక్కి తిరగకుండా ముందుకే పోవడానికి కారణం ఇదే.

వేగం అన్ని నరాల్లోనూ ఒకటి కాదు. కొవ్వు తొడుగు ఉన్న లావు నరాల్లో సెకనుకు వంద మీటర్ల దాకా ఉంటుంది. తొడుగు లేని సన్నటి నరాల్లో సుమారు ఒక్క మీటరే. గడపకు కాలి వేలు కొట్టుకున్నప్పుడు ముందు సుర్రుమని ఒక నొప్పి, ఒక క్షణం ఆగి సలుపుతూ రెండో నొప్పి వస్తాయి కదా, ఆ రెండూ వేరువేరు దారుల్లో వచ్చినవి. ఈసారి తగిలినప్పుడు గమనించండి.

పొటాషియం కంటే సోడియం చిన్నది. పెద్దది దూరే దారిలో చిన్నది ఎందుకు పట్టదు?

ఈ ప్రశ్న అడిగిన పిల్లవాడిని నేను మర్చిపోలేదు. రైస్‌మిల్లు జల్లెడలో నూకలు కిందికి పోతాయి, గింజ పైన ఆగుతుంది. ఇక్కడ గింజ పోయి నూక ఆగుతోంది. అంటే ఇది జల్లెడ కాదు.

నీళ్లలో ఏ అయానూ ఒంటరిగా ఉండదు. చుట్టూ నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ నీటి తొడుగుతో ఇరుకు దారిలో పట్టదు, వదిలించుకోవాలంటే శక్తి ఖర్చు. పొటాషియం చానెల్ గొంతులో ఆక్సిజన్ పరమాణువులు వరసలుగా లోపలికి తిరిగి ఉంటాయి. వాటి మధ్య దూరం పొటాషియానికి సరిగ్గా సరిపోతుంది. నీళ్లను వదిలేసినా ఆ ఆక్సిజన్లు నీటిలాగే పట్టుకుంటాయి కాబట్టి పొటాషియానికి నష్టమేమీ ఉండదు. సోడియం చిన్నది. మధ్యలో నిలబడితే అన్ని ఆక్సిజన్లూ అందవు. పెద్దవాళ్ల గాజు పసిపిల్ల చేతికి వేస్తే ఊగుతుందే తప్ప పట్టి ఉండదు కదా, అలాగన్నమాట. అందుకని సోడియం తన నీళ్లను వదులుకోకుండా బయటే ఆగిపోతుంది.

ఇంత కచ్చితంగా ఎంచుతూ కూడా ఒక్కో చానెల్ సెకనుకు పది కోట్ల దాకా అయాన్లను పోనిస్తుంది. ఈ గొంతు నిర్మాణాన్ని 1998లో రోడరిక్ మెకినన్ బృందం ఎక్స్‌రేలతో చూపించింది. వాళ్లు వాడింది మట్టిలో ఉండే ఒక బాక్టీరియా చానెల్. 2003లో ఆయనకు రసాయన శాస్త్ర నోబెల్ ఇచ్చారు.

ఇదంతా ఎవరు, ఎలా కనిపెట్టారు?

మన నరం పోగు మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. లోపలికి తీగ దూర్చే వీలు లేదు. స్క్విడ్ అనే సముద్ర జీవికి మాత్రం ప్రమాదం వచ్చినప్పుడు నీళ్లు చిమ్మి పారిపోవడానికి అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా లావున్న నరం పోగు ఉంటుంది. అది నరమేనని 1936లో జె.జెడ్. యంగ్ గుర్తించారు. అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ ఇంగ్లండ్‌లోని ప్లిమత్ తీరంలో ఆ పోగులోకి తీగ పంపి, ఏ వోల్టేజీ దగ్గర ఎంత సోడియం, ఎంత పొటాషియం దాటుతున్నాయో కొలిచారు. 1952లో సమీకరణాలు ప్రచురించారు. వాటిని హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల మిషన్ మీద సాధించి, నరం సంకేతం ఆకారాన్ని కాగితం మీదే రాబట్టారు. అప్పటికి చానెల్‌ను చూసినవాళ్లు ఎవరూ లేరు. 1963లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది.

ఒక్క చానెల్ తెరుచుకోవడం, మూసుకోవడం నేరుగా కొలిచింది 1976లో, ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్. సన్నటి గాజు గొట్టం మూతిని కప్ప కండరం మీద అదిమి పెట్టి కొలిచారు. 1991లో వాళ్లకూ నోబెల్ వచ్చింది.

మన రొయ్యకు నరాలు ఎలా ఉంటాయి?

మా నెల్లూరు జిల్లా మొత్తం గర్వపడాల్సిన సంగతి ఇది. జంతువులన్నిటిలో ఇంతవరకు కొలిచిన అత్యంత వేగమైన నరం రొయ్యదే. గుంటల్లో పెంచే టైగర్, వనామి రొయ్యలు రెండూ పినేయిడ్ కుటుంబానివి. ఆ కుటుంబానికే చెందిన జపాన్ కురుమా రొయ్యలో సంకేతం సెకనుకు 200 మీటర్లు దాటి పోతుందని కొలిచారు. మన నరాల్లో అతి వేగమైన దానికి దాదాపు రెట్టింపు.

వేగం పెంచడానికి రెండు దారులున్నాయి. ఒకటి పోగును లావు చేయడం, స్క్విడ్ అదే చేసింది. రెండోది పోగుకు కొవ్వు తొడుగు చుట్టి, మధ్యమధ్య చిన్న ఖాళీలు వదిలి, ఆ ఖాళీల్లోనే సోడియం చానెళ్లను కిక్కిరిసేలా పేర్చడం. సంకేతం ఖాళీ నుంచి ఖాళీకి దూకుతుంది. మన నరాల పద్ధతి ఇది. రొయ్య రెండూ చేసింది. మన తొడుగుతో ఏ చుట్టరికమూ లేకుండా సొంతంగా తొడుగు తయారు చేసుకుంది. గుంటలో వల వేసినప్పుడు రొయ్య వెనక్కి ఎగిరి తప్పించుకునే ఆ తృటి కదలిక వెనక ఉన్నది ఈ నరమే.

రొయ్యల గుంట పక్క పొలంలో పురుగుమందు కొడితే రొయ్యలు ఎందుకు చస్తాయి? మనిషికి మాత్రం ఏమీ కాదే?

సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటి మందులన్నీ పైరిత్రాయిడ్లు. ఒక రకం చామంతి పూలలో ఉండే సహజ విషాన్ని చూసి తయారు చేసినవి. ఇవి సోడియం చానెల్‌లో దూరి, మూత పడకుండా అడ్డుపడతాయి. తూము తెరిచిన చోటే ఇరుక్కుపోతుంది. నరం ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటుంది, పురుగు వణికి పడిపోతుంది. డీడీటీ పనిచేసేదీ ఇలాగే.

రొయ్య కూడా పురుగుల్లాగే కీళ్లకాళ్ల జీవి. దాని సోడియం చానెల్ పురుగు చానెల్‌కి దగ్గరి చుట్టం. అందుకే నీళ్లలో లీటరుకు మైక్రోగ్రామ్ లోపు ఉన్నా రొయ్యకు ప్రమాదమే. మన సోడియం చానెల్‌కి ఈ మందు అంత గట్టిగా పట్టదు. పైగా మన ఒళ్లు వెచ్చగా ఉంటుంది, ఈ మందులకు చల్లదనంలోనే బలం ఎక్కువ. మన కాలేయం కూడా వాటిని త్వరగా విరగ్గొడుతుంది. ఈ మూడు రక్షణలూ రొయ్యకు లేవు.

మనిషికి ఏమీ కాదనుకోవడం మాత్రం పొరపాటు. మందు కొట్టి వచ్చిన రోజు మొహం మంటగా, చీమలు పాకినట్టుగా ఉంటుందని కూలికి వెళ్లినవాళ్లు చెబుతుంటారు. చర్మంలోని నరాల సోడియం చానెళ్లకు మందు తగిలిన గుర్తు అది. మొహానికి గుడ్డ, చేతులకు గ్లౌజులు వేసుకోండి, గాలి వాలు చూసుకోండి. పక్కన గుంట ఉంటే ఆ రైతుకు ముందు రోజే ఒక మాట చెప్పండి.

దోమల మందు ఎంత పెట్టినా ఈ మధ్య దోమలు చావడం లేదు. ఎందుకు?

కాయిల్‌లోనూ, గోడకు పెట్టే మెషీన్‌లోనూ ఉండేవి ఎక్కువగా పైరిత్రాయిడ్లే. సోడియం చానెల్ ప్రోటీన్‌లో 1014వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అక్కడ ఒక్క మార్పు వచ్చి ఫినైల్ అలనైన్ చేరితే మందు సరిగా పట్టదు. రెండు వేల పైచిలుకు అక్షరాల మాటలో ఒక్క అక్షరం తేడా. ఈ మార్పు ముందు ఇంటి ఈగల్లో, తర్వాత ఎన్నో రకాల దోమల్లో దొరికింది. మందు ఆ మార్పును పుట్టించదు. ఎక్కడో ఒక దోమలో అప్పటికే ఉంటుంది. మందు మిగతావాటిని చంపి దాని పిల్లలకు చోటు ఖాళీ చేస్తుంది. ఒకే మందును ఏళ్ల తరబడి కొట్టే పొలంలోనూ ఇదే జరుగుతుంది.

ఈ చానెళ్లు మొదట ఎక్కడ పుట్టాయి? నరాలతో పాటే వచ్చాయా?

నరాల కంటే చానెళ్లు చాలా పాతవి. నరం అనేదే లేని బాక్టీరియాలోనూ ఉన్నాయి. మన పేగుల్లో ఉండే ఇ. కోలై బాక్టీరియా మీద వాన నీళ్లు పడితే నీరు లోపలికి చొచ్చుకొస్తుంది, అది ఉబ్బి పగిలిపోవాలి. పొర సాగగానే తెరుచుకునే ఒక చానెల్ లోపలి పదార్థాన్ని బయటికి వదిలి దాన్ని కాపాడుతుంది. చెరువు నిండితే మిగులు నీళ్లు కలుజు మీదుగా పారినట్టే. కట్ట తెగకూడదు, అంతే దాని పని.

పొటాషియం చానెల్ కథ కూడా బాక్టీరియాలోనే మొదలు. మెకినన్ చూసిన మట్టి బాక్టీరియా చానెల్‌లో నాలుగు ఒకేలాంటి ముక్కలు గుండ్రంగా చేరి మధ్యలో దారి వదులుతాయి. ఒక్కో ముక్కలో పొరను దాటే ప్రోటీన్ పోగులు రెండే. తర్వాత అలాంటి ముక్కకు వోల్టేజీని పసిగట్టే నాలుగు పోగుల భాగం తోడైంది. మొత్తం ఆరు పోగులు. మన పొటాషియం చానెళ్లలో చాలా వాటికి ఇప్పటికీ ఇదే కట్టుబడి. నాలుగు విడి ముక్కలు వచ్చి కలవాలి.

ఆ తర్వాత జన్యువు తన నకలును తన పక్కనే తీసుకుని అతుక్కుంది. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. అలా నాలుగు ముక్కలూ ఒకే పొడవాటి దండలో ఉన్న చానెల్ తయారైంది. కాల్షియం చానెళ్లు అలాంటివే. వాటి నుంచే మన సోడియం చానెల్ వచ్చింది. రెండూ ఎంత దగ్గరంటే, 1992లో ఎలుక మెదడు సోడియం చానెల్ గొంతులో రెండంటే రెండు అమైనో ఆమ్లాలు మార్చి చూస్తే, అది కాల్షియం చానెల్‌లా ప్రవర్తించింది.

కాల్షియం ఉండగా సోడియం ఎందుకు అవసరమైందని పిల్లలు అడుగుతారు. కణం లోపల కాల్షియం బయటి కంటే పది వేల రెట్లు తక్కువ. ఎందుకంటే కాల్షియం ఒక కబురు: కండరం ముడుచుకో, రసాయనం విడుదల చెయ్యి అని చెప్పే అయాన్ అది. ఎక్కువైతే కణమే చచ్చిపోతుంది. సంకేతం పరిగెత్తిన ప్రతిసారీ కాల్షియాన్ని గుమ్మరిస్తే కణం తట్టుకోలేదు. సోడియానికి అలాంటి బాధ్యతలు తక్కువ, విద్యుత్తును మోస్తే చాలు.

ఇంకో ఆశ్చర్యం. జంతువులకు దగ్గరి చుట్టాలైన కొయనోఫ్లాజెల్లేట్లు ఒకే కణం ఉన్న నీటి జీవులు. నరాలు లేవు, మెదడు లేదు. వాటిలోనూ మన సోడియం చానెల్ కుటుంబానికి చెందిన జన్యువు ఉందని 2011లో తేల్చారు. అంటే తూము ముందే ఉంది. నరం వచ్చి దాన్ని వాడుకుంది. పాత చీర పసిబిడ్డకు ఉయ్యాల అయినట్టు.

మనిషిలో సోడియం చానెళ్లు ఎన్ని రకాలు? ఒకటి చాలదా?

వోల్టేజీతో తెరుచుకునేవి తొమ్మిది రకాలు. తొలి వెన్నెముక జీవుల్లో జన్యువులన్నీ మొత్తంగా రెండుసార్లు రెట్టింపయ్యాయి. ఆ తర్వాత కొన్ని మళ్లీ పక్కపక్కనే నకళ్లు తీసుకున్నాయి. ఈ కుటుంబం జన్యువులు ఐదు మన 2వ క్రోమోజోమ్ మీద ఒకే వరుసలో, మూడు 3వ క్రోమోజోమ్ మీద ఇప్పటికీ కలిసే ఉన్నాయి, ఒకే కాంపౌండులో అన్నదమ్ముల ఇళ్లలాగా. ఒకటి గుండెకు, ఒకటి కండరానికి, కొన్ని మెదడుకు, కొన్ని నొప్పి నరాలకు అని పని పంచుకున్నాయి.

నకలు ఉంటే వచ్చే లాభం చూడాలంటే విద్యుత్ చేపలను చూడాలి. చేపల పూర్వీకుల్లో జన్యువులు ఇంకోసారి రెట్టింపై, కండరం సోడియం చానెల్ రెండు ప్రతులయింది. ఒకటి కండరాన్ని చూసుకుంటుంటే రెండోది ఖాళీ. ఆ ఖాళీ ప్రతిని దక్షిణ అమెరికా చేపలు, ఆఫ్రికా చేపలు వేరువేరుగా విద్యుత్ అవయవానికి మళ్లించుకున్నాయి. ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకునే వీలు లేదు, మధ్యలో మహాసముద్రం ఉంది. దక్షిణ అమెరికా ఎలక్ట్రిక్ ఈల్ 600 వోల్టులకు పైగా షాక్ కొడుతుంది.

ఎర్ర తేలు కుడితే ఒళ్లంతా చెమటలు, చేతులు చల్లబడటం ఎందుకు? మంత్రం పనిచేస్తుందా?

ఎర్ర తేలు విషం కూడా సోడియం చానెల్ మూతనే పట్టుకుంటుంది. మూత పడదు, నరాలు ఆగకుండా కబుర్లు పంపుతాయి. ఒళ్లంతా చెమట, నోట్లో నీళ్లు, బీపీ పెరగడం, చేతులు కాళ్లు చల్లబడటం, పిల్లల్లో గుండె నీరసించి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వరసగా వస్తాయి. మంత్రం ఆ మూతను వేయలేదు. నల్ల తేలు కుట్టినవాళ్లలో చాలామందికి నొప్పి దానంతట అదే తగ్గుతుంది, మంత్రానికి పేరు వచ్చింది అక్కడే. ఎర్ర తేలు దగ్గర ఆ నమ్మకంతో పోగొట్టుకునే గంట చాలా ఖరీదైనది. మహారాష్ట్ర మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ అనే మాత్రతో ఈ మరణాలు ఎంతగా తగ్గుతాయో చూపించారు, దేశమంతా ఆ వైద్యం పాకింది. పిల్లవాడిని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రాళ్ల కుప్పలు కదిలించేటప్పుడు, తెల్లవారుజామున చెప్పుల్లో కాలు పెట్టేటప్పుడు ఒకసారి చూసుకోండి.

అమెరికా ఎడారుల్లో తేళ్లను తినే ఒక చిట్టెలుక ఉంది. నొప్పి నరంలోని ఒక సోడియం చానెల్ దానిలో కొంచెం మారి ఉంటుంది. అక్కడి తేలు విషం దానికి నొప్పి పుట్టించే బదులు నొప్పిని అణిచేస్తుందని 2013లో కనిపెట్టారు.

ముంగిస ఏదో ఆకు నమిలి వచ్చి పాముతో పోట్లాడుతుందంటారు. నిజమా?

ఆకు కథ మా నాయనమ్మ కూడా చెప్పేది. అసలు రహస్యం ముంగిస కండరంలోనే ఉంది. నరం నుంచి కండరానికి కబురు పోవాలంటే అసిటైల్‌కొలిన్ అనే రసాయనం కండరం మీది ఒక చానెల్‌కి అంటుకుని దాన్ని తెరవాలి. నాగుపాము విషం సరిగ్గా అక్కడే వెళ్లి కూర్చుంటుంది. చానెల్ తెరుచుకోదు, కనురెప్పలు వాలిపోతాయి, చివరికి ఊపిరి తీసే కండరం ఆగిపోతుంది. ముంగిసలో ఆ చోట అమైనో ఆమ్లాలు మారి, ఒక చక్కెర గొలుసు అడ్డంగా నిలబడి ఉందని 1992లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు చూపించారు. విషం అక్కడ కూర్చోలేదు. పాములోనూ చక్కెర అడ్డే ఉంటుంది, లేకపోతే దాని విషం దాన్నే చంపేది. పందిలో మార్పు వేరే రకం. ముంగిసకు చావు లేదని కాదు, విషం బాగా ఎక్కువైతే అదీ చస్తుంది. మనకు మాత్రం ఆ అడ్డు లేదు. కాటుకు వైద్యం ఆస్పత్రిలోని విషం విరుగుడు ఇంజెక్షనే.

పొగాకు రెలుపుకి (ఆకు కోతకి) వెళ్లి వచ్చినరోజు వాంతులు, తలతిరుగుడు. ఎండదెబ్బా?

ఎండదెబ్బే కానక్కర్లేదు. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు పొలాల్లో పనిచేసేవాళ్లు దీన్ని తప్పక తెలుసుకోవాలి. మంచుతోనో వానతోనో తడిసిన పచ్చి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. పై ప్రశ్నలో చెప్పిన అసిటైల్‌కొలిన్ చానెళ్లనే నికోటిన్ కూడా తెరుస్తుంది. పొగాకు మొక్క దాన్ని తయారు చేసుకున్నది తన ఆకు తినే పురుగుల నరాలను దెబ్బతీయడానికి. మన మెదడులోని చానెల్ రకానికి నికోటిన్ గట్టిగా పడుతుంది, కండరంలోని రకానికి అంతగా పట్టదు. ఆ తేడా అంతా దాదాపు ఒక్క అమైనో ఆమ్లానిదే. మంచు ఆరాక ఆకు కోయండి, నిండు చేతుల చొక్కా వేసుకోండి, తడిసిన బట్టలు మార్చుకోండి, ఇంటికి రాగానే సబ్బుతో కడుక్కోండి. పిల్లలను ఆ పనికి పంపకండి.

చేపల పులుసు వేడివేడిగా తింటే మండిపోతుంది. మరుసటి రోజు అదే పులుసు అంత కారం ఉండదెందుకు?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. మిరపకాయలోని క్యాప్సైసిన్ నాలుక మీది నొప్పి నరాల్లో టీఆర్‌పీవీ1 అనే చానెల్‌ను తెరుస్తుంది. అదే చానెల్ సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకుంటుంది. అందుకే కారాన్ని మనం మంట అంటాం, మాట సరిగ్గా కుదిరింది. పులుపు కూడా ఆ చానెల్‌ను ఉసిగొల్పుతుంది. నెల్లూరు చేపల పులుసులో మిరపకారం, చింతపండు, మామిడికాయ ముక్క, వేడి, అన్నీ ఒకే తలుపు మీద పడతాయి. మరుసటి రోజు చల్లారిన పులుసులో వేడి లేదు, మంట తగ్గి చేప రుచి తెలుస్తుంది. మండినప్పుడు నీళ్లు తాగితే లాభం లేదు, క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. పెరుగో మజ్జిగో తాగండి. ఈ చానెల్‌ను 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. పక్షుల్లో ఈ చానెల్‌కి మిరపకారం పట్టదు. చిలక మిరపపండ్లను హాయిగా తిని గింజలను దూరంగా వేస్తుంది, మొక్కకు కావలసింది కూడా అదే.

పంటి డాక్టరు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ కూడా చానెళ్ల మీదేనా?

అవును. లిగ్నోకైన్ సోడియం చానెల్‌కి లోపలి పక్క నుంచి అడ్డు పడుతుంది. నొప్పి కబురు బయలుదేరదు. గాలిబుడగలా ఉబ్బే చేపల్లోని టెట్రోడోటాక్సిన్ అదే చానెల్‌ను బయటి పక్క నుంచి బిరడా పెట్టినట్టు మూస్తుంది. వలలో పడితే ఆ చేపను ఎవరూ వండుకోకూడదు, వండినా విషం పోదు.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో ఇనుప తాళాలు పెడితే ఆగుతుందా?

ఆగదు. ఫిట్స్ అంటే మెదడులో బోలెడన్ని కణాలు ఒకేసారి అదుపు తప్పి సంకేతాలు పంపడం. చాలాసార్లు ఒకటి రెండు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది, పేరు తాళాలకు వస్తుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, టైమ్ చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరిగెత్తండి. కొందరు పసిపిల్లల్లో వచ్చే మొండి ఫిట్స్‌కి ఒక సోడియం చానెల్ జన్యువులో మార్పే కారణం. ఫెనిటోయిన్, కార్బమజెపిన్ లాంటి మందులు మరీ ఎక్కువగా తెరుచుకుంటున్న సోడియం చానెళ్లను అణుస్తాయి. డాక్టరు చెప్పకుండా మాత్ర ఆపొద్దు. దాచిపెట్టాల్సిన జబ్బు కాదిది, పెళ్లికి అడ్డమూ కాదు.

డయాలసిస్ పేషెంటుకి కొబ్బరినీళ్లు ఎందుకు వద్దంటారు? మంచివే కదా?

మా పెదనాన్న డయాలసిస్‌లో ఉన్నప్పుడు చూడడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ప్రేమతో కొబ్బరిబోండాం తెచ్చేవారు. వద్దంటే నొచ్చుకునేవారు. అందుకే వివరంగా రాస్తున్నాను. ఒంట్లో పొటాషియం 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలో ఉండాల్సింది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్ మాత్రమే. ఎక్కువైనదాన్ని కిడ్నీ బయటికి పంపుతుంది. కిడ్నీ పనిచేయకపోతే కొబ్బరినీళ్లలోని పొటాషియం రక్తంలోనే ఉండిపోతుంది. కణం బయట పొటాషియం పెరిగితే లోపలిది బయటికి జారడం తగ్గి, బాగా మైనస్‌లో ఉండాల్సిన వోల్టేజీ పైకి వస్తుంది. అప్పుడు సోడియం చానెళ్ల మూతలు పడినవి పడినట్టే ఉండిపోతాయి. గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. అరటిపండు, పండ్ల రసాలకూ ఇదే జాగ్రత్త. చూడడానికి వెళ్లేటప్పుడు ఏం తేవచ్చో ముందు ఇంట్లోవాళ్లను అడగండి.

అత్తిపత్తి ముట్టుకుంటే ముడుచుకుంటుంది. దానికి నరాలున్నాయా?

నరాలు లేవు, విద్యుత్ సంకేతం ఉంది. జగదీశ్ చంద్ర బోస్ దాన్ని కొలిచి చూపించారు. మొక్క సోడియాన్ని వాడదు, కాల్షియం, క్లోరైడ్, పొటాషియం చానెళ్లతో పని జరుపుతుంది. వేగం సెకనుకు కొన్ని సెంటీమీటర్లే, వేలు పెట్టి ఆకులు ఒకదాని తర్వాత ఒకటి వాలడం చూస్తే కంటికే తెలుస్తుంది.

ఆ స్క్విడ్ నరాన్ని మేము చూడొచ్చా?

చూడొచ్చు. జువ్వలదిన్నెలోనో, ఏ రేవులోనో తెల్లవారుజామున బోట్లు వచ్చేసరికి వెళ్లండి. పెద్ద సైజు స్క్విడ్, ఐసులో ఎక్కువసేపు ఉండనిది, ఒకటి అడిగి తీసుకోండి. సంచిలాంటి ఒంటిని నిలువుగా కోసి తెరిచి, తల పక్క నుంచి లోపలి గోడను చూడండి. రెండు పక్కలా ఒక్కో చిన్న ముడి, దాని నుంచి నక్షత్రంలా చీలిన తెల్లటి పోగులు కనిపిస్తాయి. వాటిలో అన్నిటికంటే పొడవుగా వెనక్కి సాగేదాన్ని ఉప్పునీటితో తడుపుతూ సూదితో నెమ్మదిగా విడదీయండి. వెలుతురుకు పట్టి చూస్తే లోపల ఒక పోగు గాజు దారంలా స్పష్టంగా కనబడుతుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ తీగ దూర్చింది అలాంటి పోగులోకే. పోయిన ఏడాది మా పిల్లలు మొబైల్ కెమెరాకి భూతద్దం అతికించి దాన్ని ఫోటో తీశారు, ఆ ఫోటో ఇప్పుడు మా ల్యాబు గోడ మీద ఉంది.